లేని జడకు బోణీ

వస్తువు పోయి దాని లెక్క ఒక్కటే మిగిలితే, ఆ మిగిలినదాన్ని నిజమనాలా, అబద్ధమనాలా?

స్టూలు మీద నిలబడి, ఖాళీగా ఉన్న పైఅరలోకి చూస్తూ నాగులు తనను తాను అడిగింది ఇదే. దర్యాప్తులోకి దిగిన ప్రతిసారీ సాక్ష్యంతో తేలని ప్రశ్న ఒకటి ముందు వేసుకోవడం అతని అలవాటు. తేలేవాటిని ఆ తర్వాత చూసుకునేవాడు. పోలీసు ఉద్యోగంలో ఉండగా ఈ అలవాటుకు పై అధికారులు నవ్వేవారు. ఉద్యోగం వదిలి పటమటలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక నవ్వేవాళ్లు తగ్గారు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లూ తగ్గారు.

నిన్న ఉదయం ఈ పైఅంతస్తు గొడౌను గదిలోనే ఇస్సాక్ సాహెబును చంపారు. బందరులో రోల్డ్ గోల్డ్ నగల పని మధ్య పుట్టి పెరిగి, ఐదేళ్ల కిందట దుకాణాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించి, నాట్యం నేర్పే బడులకు వడ్డాణాలూ జడలూ గజ్జెలూ పంపిన మనిషి. రేకు మీద పువ్వులద్దే ఇత్తడి అచ్చుతో తల వెనుక ఒకే దెబ్బ కొట్టారు. అచ్చును తుడిచి మళ్లీ బల్ల మీదే పెట్టారు.

గుమ్మం దగ్గర అఫ్సానా నిలబడి ఉంది. కింద గదిలో సరుకు కట్టి పంపే నాసిర్ ఆమె భర్త. ఆమె కూడా అక్కడే పనిచేస్తుంది. ఇంటికి చుట్టాలు రావడంతో నిన్న రాలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి నాసిర్ స్టేషనులో ఉన్నాడు.

"సంతకం పెట్టేస్తాడండీ," అంది ఆమె. "ఆయనకి ఉబ్బసం. ఊపిరాడకపోతే ఏ కాగితం చూపించినా పెట్టేస్తాడు. రేపు పొద్దున కోర్టుకి తీసుకెళ్తామన్నారు. ఏం చేసినా ఈ రాత్రికే చేస్తారు."

"ఇన్‌హేలరు ఇచ్చారా?"

"బల్ల మీద పెట్టారంట. మాట్లాడితే ఇస్తామన్నారంట."

నాగులు స్టూలు దిగలేదు. కోపం వచ్చినప్పుడు కదలకుండా ఉండటం మంచిదని అతను చాలా కాలం కిందటే నేర్చుకున్నాడు.

"సాహెబు గారు పొద్దున్నే బోణీ ఎలా చేసేవారో చెప్పమ్మా. చూసింది మాత్రమే చెప్పు."

"రోజూ తొమ్మిదింటికండీ. మొదటి ఆర్డరు ఆయనే పెట్టుకునేవారు, ఆయన పేరు మీదే. రాత్రి రెండింటికి ఎక్కడో ఎవరో మిషను నొక్కితే అది బోణీ ఎట్లా అవుద్ది, బోణీ అంటే మనిషి చేతిమీదగా అవ్వాలి అనేవారు. అది పడేదాకా మేం ఒక్క పార్శిలు కూడా కట్టం. పడితే కింద మా కంప్యూటర్లో కనపడుద్ది. అప్పుడు మొదలెడతాం."

"కంప్యూటరులో కొట్టేముందు ఏం చేసేవారు?"

"అరల దగ్గరికెళ్లి ఏదో ఒక వస్తువు చేతిలోకి తీసుకునేవారు. కళ్లకద్దుకుని ఇదిగో, ఈ బుట్టలో పెట్టేవారు. ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేవారు. బోణీ వస్తువు మళ్లీ అరలోకి రాకూడదంట. శుక్రవారం శుక్రవారం బుట్టలోవన్నీ కొనుక్కోలేని పిల్లలకి పంపేవారు, డాన్సు నేర్చుకునేవాళ్లకి."

"ఎప్పుడైనా ముందు కంప్యూటరులో కొట్టి, తర్వాత వస్తువు తీశారా?"

ఆమె ఆలోచించింది. "లేదండీ. తౌసిఫ్ భాయ్ పోరుపెట్టేవారు, ముందు సిస్టంలో చెయ్యండి మామూ, అదే పద్ధతి అని. నీ సిస్టంకి చెయ్యి లేదుగా అనేవారు సాహెబు."

నాగులు మళ్లీ అరవైపు తిరిగాడు. అర అంచుకు అతికించిన చీటీ మీద 'రాళ్ల జడ, పెద్దది' అని ఉంది. చీటీకి పైన, ఆ మూల నుంచి ఈ మూలకు అర నోటికి అడ్డంగా సాలెగూడు. కొల్లేటి ఒడ్డున వలలు అల్లే ఇంట పుట్టినవాడు కనుక కొత్త వలకన్నుకూ పాత వలకన్నుకూ తేడా అతనికి చూడగానే తెలుస్తుంది. ఇది పాతది. పోగు పోగుకూ దుమ్ము పట్టి బరువుకు కిందికి జారి ఉంది. ఒక్క పోగు కూడా తెగలేదు. ఈ అరలోకి నిన్న ఎవరి చెయ్యీ వెళ్లలేదు. కొన్ని వారాలుగా వెళ్లలేదు.

కింద కంప్యూటరులో అతను ఇంతకుముందే చూసి వచ్చాడు. నిన్నటి బోణీ తొమ్మిది దాటిన ఐదు నిమిషాలకు పడింది. వస్తువు: రాళ్ల జడ, పెద్దది. స్టాకు ఒకటి ఉండగా సున్నా అయింది. బుట్టలో చూస్తే గజ్జెలున్నాయి, రెండు పాపిడి బిళ్లలున్నాయి, ఒక వంకీ ఉంది. జడ లేదు.

"అమ్మా, కెమెరా తీసుకురమ్మని మా ఆఫీసుకి ఫోను చేయి. ఆ తర్వాత స్టేషనుకి వెళ్లి నాసిర్‌కి కనపడేచోట కూర్చో. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర కూర్చో. మాట్లాడనక్కర్లేదు. కనపడాలి, అంతే."

ఆమె మెట్లు దిగుతుంటే ఎవరో ఎదురెక్కి వస్తున్న చప్పుడైంది. "అఫ్సానా బెహన్, ధైర్యంగా ఉండండి," అన్న మృదువైన గొంతు వినపడింది. ఆమె ఆగకుండా దిగిపోయింది.

తౌసిఫ్ లోపలికి వచ్చాడు. ఇస్సాక్ మేనల్లుడు, ముప్పై దాటని వాడు. దుకాణం నడిచే ప్రోగ్రాం అంతా అతను రాసిందే. తెల్లటి లాల్చీ, మాసిన కళ్లు. రంజాను నెల కావడంతో పెదవులు ఎండి ఉన్నాయి.

"టీ ఇప్పించలేకపోతున్నానండీ, ఏమనుకోకండి."

"నేను తాగి వచ్చాను. నాకు మీ దుకాణం అర్థం కావడం లేదు తౌసిఫ్ గారూ. చిన్న పిల్లాడికి చెప్పినట్టు చెప్పండి."

తౌసిఫ్ ముఖం కొంచెం తేటపడింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వస్తువు పేరు, ఫొటో, వివరం, ఎన్ని ఉన్నాయి, దాని మీద పడిన ఆర్డర్లు, అన్నీ ఒకేచోట ఉంటాయండీ. రిపాజిటరీ అంటాం. ఒకటే పెద్ద కొట్టుగది అనుకోండి. మిగతా దుకాణాల్లో ఫొటో ఒకచోట, లెక్క ఒకచోట. నేను అట్లా పెట్టలేదు. వస్తువు పేజీలోనే అంతా."

"ఆర్డరు వస్తే?"

"ఆ పేజీకి తాళం పడుద్ది. ఇంకెవరూ ముట్టుకోలేరు. స్టాకు ఒకటి తగ్గుద్ది, ఆర్డరు ఒకటి పుడుద్ది, అప్పుడు తాళం వదులుద్ది. జరిగితే రెండూ జరగాలి. లేపోతే రెండూ జరక్కూడదు. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, అసలేమీ జరగనట్టు మొదటికొచ్చేస్తుంది."

"మనుషులకీ ఆ ఏర్పాటు ఉంటే బాగుండేది."

తౌసిఫ్ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది.

"బోణీ కూడా అంతేనా?"

"బోణీ వేరండీ. మామూ పట్టుబట్టి పెట్టించారు. స్టాకు తగ్గుద్ది, బిల్లు పుట్టదు. మొత్తం సిస్టంలో అదొక్కటే మినహాయింపు. నాకు ఇష్టం లేదు. ఇల్లంతా తాళాలేసి ఒక్క కిటికీ తెరిచి పెట్టినట్టు."

"ఆ కిటికీలోంచి ఎవరు రాగలరు?"

"మామూ పాస్‌వర్డు ఉండాలి. లేదా నాది. నాసిర్‌కి ఆర్డర్లు చూడటం వరకే." ఒక్క క్షణం ఆగాడు. "నిన్న నేను హనుమాన్ జంక్షన్‌లో ఉన్నానండీ. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్శిళ్లు బుక్ చేస్తూ, ఎనిమిదిన్నర నుంచి పదింటిదాకా. అందరూ చూశారు."

"నేను అడగలేదు."

"సి.ఐ. గారు అడిగారు."

"సాహెబు గారు నిన్న ఇక్కడికి ఎప్పుడొచ్చారు?"

"తెల్లారకముందే సహరీ తిని, తెల్లవారి నమాజు చేసి వచ్చారంట. బేగం మామీ చెప్పింది. జకాతు దానం ఇవ్వాలంటే ఏడాదికోసారి సరుకంతా లెక్క చూసుకోవాలి కదండీ. నన్ను అడిగితే సిస్టంలోంచి ఒక్క నిమిషంలో తీసిచ్చేవాణ్ణి. వద్దన్నారు. దేవుడికి చూపే లెక్క చేత్తో తాకి చెయ్యాలంట."

నాగులు తల ఊపాడు. చేత్తో తాకి లెక్కచూద్దామని వచ్చిన మనిషికి పైఅర తాకకముందే ఖాళీగా కనపడి ఉంటుంది. ఇంకా ఎన్ని అరలు కనపడ్డాయో.

"ఒకసారి మార్చినదాని పాత రూపం చూడగలమా?"

"ఎందుకు చూడలేం? ప్రతి మార్పుకీ ముందు రూపం అట్లాగే ఉండిపోద్ది. ఎప్పుడు మార్చారు, ఎవరి పేరుతో, ఏ కంప్యూటరు నుంచి..."

తౌసిఫ్ ఆగిపోయాడు. తాను కట్టిన ఇంటిని చూపించేవాడు ఉత్సాహంలో దొంగదారి కూడా చూపిస్తాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

"అవి చదవడం మామూలు వాళ్ల వల్ల కాదండీ," అన్నాడు నెమ్మదిగా. "మా సైటుని నిలబెట్టే హోస్టింగు కంపెనీ వాళ్లు తీసివ్వాలి. వాళ్లది హైదరాబాదు. పోలీసు కాగితం లేకపోతే ఇవ్వరు. అయినా ఎంతో కాలం ఉండవు. నిండుకున్నవాటి పేజీలన్నీ ఈ పూటే తీసేస్తున్నాను. పేజీ పోతే దాని పాత రూపాలూ పోతాయి."

"ఈ పూటే ఎందుకు?"

"సరుకు లేకుండా ఫొటోలు పెట్టుకుని ఏం చేస్తామండీ? అసలు ఎప్పుడో తీసేయాల్సినవి. మామూతో పెద్ద చిక్కు. వస్తువు లేదు అని రాయనిచ్చేవారు కాదు. నిండుకుంది అనే రాయాలి. దాని కింద, చెప్పి ఉంచండి అని బటను పెట్టాలి. ఎవరైనా చెప్పి ఉంచితే ఇంక ఆ పేజీ తీయడానికి లేదు. అడిగి నిలబడిన మనిషి ముందు తలుపు వేయకూడదంట. వస్తువన్నా పంపాలి, ఆ మనిషన్నా వద్దనాలి. అదంతా తిరగరాయాలంటే వారం పని."

ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

సి.ఐ. రామకోటేశ్వరరావు చేతిలో టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. చంకలో లాఠీ. అతనూ నాగులూ ఒకే ఏడు ఎస్సైలుగా ఉద్యోగంలో చేరారు. అతను పైకి ఎదిగాడు. నాగులు బయటికి వచ్చాడు. ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారన్నది ఇద్దరి మధ్యా ఇంకా తేలని తగువు.

"ఏమయ్యా నాగులూ, స్టూలెక్కావంట? కొల్లేట్లో చేపలైపోయి గొడౌన్లో వలేస్తున్నావా?"

"వల నేను వేయలేదండీ. వేసి ఉంది. చూపిస్తాను, ఇటు రండి."

"చూడాల్సినవి నిన్నే చూశా. కింద నాసిర్ బల్ల, సొరుగులు, వాడి ఇల్లు, అంగుళం వదల్లేదు. పంచనామా రాయించి సొరుగులకి సీలేశా. నా సీలు." ఒక గుక్క టీ తాగి తౌసిఫ్ వైపు చూశాడు. "ఏమనుకోకు బాబూ, నువ్వు ఉపవాసం కదా."

"పర్లేదు సార్."

"మీ కేసు నాకు చెప్పండి," అన్నాడు నాగులు. "విని వెళ్లిపోతాను."

"చెప్పడానికేముంది? ముసలాయన పోయింది ఆరుకీ పదికీ మధ్యన అన్నాడు డాక్టరు. తొమ్మిదీ ఐదుకి బోణీ పడింది. అది ఆయనే చెయ్యాలి, పాస్‌వర్డు ఆయనది. అంటే తొమ్మిదీ ఐదుకి బతికున్నాడు. నాసిర్ తొమ్మిదింటికి షట్టరు తీశాడు. పదింటికి పైకెళ్లి శవాన్ని చూశానని అరిచాడు. మధ్యలో బిల్డింగులో ఇంకెవరూ లేరు. గంటసేపు ఏం చేస్తున్నావురా అంటే పార్శిళ్లు కడుతున్నానంటాడు."

"బోణీ పడిందని చూశాడు. సాహెబు పైన ఉన్నాడనుకున్నాడు. కట్టడం మొదలుపెట్టాడు. అది అతని రోజువారీ పని."

"శవం కింద కూర్చుని?"

"శవం ఉందని తెలియకపోవడం నేరం కాదు." నాగులు స్టూలు పక్కకు జరిపాడు. "బోణీ దేనికి పడింది? ఈ అరలో ఉండాల్సిన జడకి. సాహెబు ముందు వస్తువు చేత్తో తీసి, కళ్లకద్దుకుని, ఆ తర్వాత కంప్యూటరులో కొట్టే మనిషి. ఐదేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. ఈ అర నోటికి సాలెగూడు చూడండి. ఎన్ని వారాలదో. ఇందులో జడ ఎప్పుడో పోయింది. చేతిలో లేని వస్తువుకి ఆయన బోణీ ఎలా చేస్తాడు?"

"నాసిర్‌గాడు జడ కొట్టేసి, నిన్న ముసలాయన్ని చంపి, వాడే బోణీ కొట్టాడు. అయిపోయిందా?"

"అయిపోలేదు. పాస్‌వర్డు సాహెబుదని ఇప్పుడు మీరే అన్నారు. సరే, నాసిర్ ఎలాగో సంపాదించాడనుకుందాం. బోణీ నాసిర్ చేస్తే తొమ్మిదీ ఐదుకి సాహెబు బతికున్నాడనడానికి మీ దగ్గర రుజువేది? సాహెబు ఆరింటికే పోయి ఉండొచ్చు. ఆరింటికి నాసిర్ ఇంట్లో ఉన్నాడు, మైలవరం నుంచి వచ్చిన చుట్టాలు నలుగురు చూశారు. బోణీ సాహెబు చేశాడంటే లేని జడ అడ్డం. వేరేవాడు చేశాడంటే మీ టైము అడ్డం. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. రెండూ ఉంచుకోవడానికి కుదరదు."

తౌసిఫ్ తన చేతి గోళ్లు చూసుకుంటున్నాడు.

రామకోటేశ్వరరావు గ్లాసు బల్ల మీద పెట్టాడు. అర దగ్గరికి నడిచి వచ్చి సాలెగూడును పరీక్షగా చూశాడు. చూసిన తర్వాత చంకలోని లాఠీ తీసి, తాపీగా, ఇంట్లో బూజు దులిపే మనిషిలా, అర నోటికి అడ్డంగా ఒక్కసారి తిప్పాడు.

"ఏదయ్యా నీ వల?"

లాఠీ కొసన బూడిదరంగు ఉండ ఒకటి వేలాడింది. దాన్ని గోడకు రాసి తుడిచేశాడు.

కెమెరా ఇంకా రాలేదు. ఆ గూడును చూసినవాళ్లలో ఒకరు నిందితుడి భార్య. రెండోవాడు ఆమె పెట్టుకున్న డిటెక్టివు. మూడోవాడు దాన్ని తుడిచిన చేత్తోనే రేపు కేసు డైరీ రాసేవాడు. ఇంత తేలికగా ఒక నిజం లోకంలోంచి వెళ్లిపోగలదని నాగులు పుస్తకాల్లో చదివాడు. కళ్లెదుట చూడటం వేరు. చదివినదానికి కనీసం ఓదార్పు ఉంటుంది.

"కోర్టులో బోణీ గురించి చెబుతావేంటయ్యా?" అన్నాడు సి.ఐ. "సెంటిమెంట్లకి సెక్షన్లు లేవు. వాడు ఈ రాత్రికి చెబుతాడు. చెప్పకపోతే దగ్గుతూ చెబుతాడు."

"సార్," అన్నాడు తౌసిఫ్ వినయంగా, "నా పని చేసుకోవచ్చాండీ? పాత పేజీలు కొన్ని తీసెయ్యాలి."

"చేసుకో బాబూ. మాకు కావాల్సింది ప్రింటు తీసుకున్నాం."

సి.ఐ. మెట్లు దిగి వెళ్లిపోయాడు. తౌసిఫ్ ఇస్సాక్ కుర్చీలో కూర్చుని కంప్యూటరు ముందుకు జరిగాడు. నాగులు ఇంకా అక్కడే ఉండటం చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"ఇంకేమైనా ఉందాండీ?"

"లేదు. మీ టైము తీసుకున్నాను."

రోడ్డు దాటుతుంటే నాగులుకు అంతా ఒక వరసలోకి వచ్చింది. కొన్ని నెలలుగా అరల్లోంచి వస్తువులు పోతున్నాయి. సిస్టంలో మాత్రం ఉన్నాయి. జకాతు లెక్క కోసం సాహెబు చేత్తో తాకి చూశాడు. మేనల్లుణ్ణి పిలిచి అడిగాడు. తెల్లవారి నమాజుకూ జంక్షన్ బస్సుకూ మధ్య అది జరిగిపోయింది. జంక్షన్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పక్కనే నెట్ సెంటరు ఒకటి ఉంది. అక్కణ్ణుంచి తొమ్మిదీ ఐదుకి మేనమామ పాస్‌వర్డుతో బోణీ కొడితే, చచ్చిపోయిన మనిషి మూడు గంటలు ఎక్కువ బతుకుతాడు. తగ్గిన జడ లెక్క కూడా అదే దెబ్బకు సరిపోతుంది. తౌసిఫ్ పొదుపరి. ఒకే పనితో రెండు తప్పులు కప్పబోయాడు. లేని వస్తువును ఎంచుకుంటే రెండూ సరిపోతాయనుకున్నాడు. సిస్టంలో సరిపోయాయి కూడా. మేనమామ చెయ్యి ఒకటి ఉందని మరిచాడు.

ఏ కంప్యూటరు నుంచి ఆ బోణీ పడిందో జడ పేజీ పాత రూపంలో ఉంది. అది చాలు. దాన్నే ఇప్పుడు తుడిచేస్తున్నాడు, పోలీసు అనుమతితో.

ఇక్కడ దుకాణానికి ఎదురుగా కూడా మొదటి అంతస్తులో ఒక నెట్ సెంటరు ఉంది. కిటికీ పక్క కంప్యూటరు ఖాళీగా దొరికింది. దుకాణం సైటు తెరిచి నాగులు జడల వరసలోకి వెళ్లాడు. పేజీ ఇంకా ఉంది. ఎర్రరాళ్లు పొదిగిన పొడవాటి జడ, కొసన మూడు కుచ్చులు. ఫొటో కింద 'నిండుకుంది' అని ఎర్ర అక్షరాలు. దాని కింద 'చెప్పి ఉంచండి'.

దుకాణంలోకి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపలేని ఒక వ్యాపారి మొహమాటం అది. ఆ మొహమాటం తప్ప ఈ పూట నాసిర్ వైపు లోకంలో ఇంకేమీ నిలబడి లేదు.

పేరు అడిగింది. నాగులు కొద్దిసేపు ఆగాడు. వేరే పేరు రాయవచ్చు. తన పేరు రాస్తే అవతలి కుర్చీలో కూర్చున్నవాడికి ఆ క్షణంలోనే అన్నీ అర్థమవుతాయి. అర్థం కావాలనే అనుకున్నాడు. భయపడిన మనిషి ఊరికే కూర్చోలేడు, ఏదో ఒకటి చేస్తాడు. తన పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు రాశాడు. బటను నొక్కాడు.

'మీ మాట అందింది. వస్తువు రాగానే పంపుతాం.'

ఐదు నిమిషాలకు ఫోను మోగింది.

"నాగులు గారూ, మీ ఆర్డరు వచ్చిందండీ." తౌసిఫ్ గొంతులో మర్యాద చెక్కుచెదరలేదు. "జడ కావాలంటే ఇందాక నన్నే అడగొచ్చుగా."

"వరసలో నిలబడటం అలవాటండీ."

"మీ ఇంట్లో డాన్సు ఎవరు చేస్తారు?"

"ఇంకా ఎవరూ లేరు. నేర్పిద్దామని."

"ఆ పేజీ తీయడానికి అడ్డొస్తోందండీ. మీరు వద్దని ఒక్క మాటంటే..."

"అననండీ. ఎదురుచూస్తాను."

"అయితే పంపాల్సిందే," అన్నాడు తౌసిఫ్. ఫోను పెట్టేశాడు.

నాగులు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎదుటి బిల్డింగు పక్క సందులో తౌసిఫ్ స్కూటరు నిలిపి ఉంది. కాసేపటికి తౌసిఫ్ మెట్లు దిగి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పైకి చూడలేదు. తల కిందికే ఉంచుకునే మనుషులు పై కిటికీలను చూడరు. స్కూటరు సీటు ఎత్తి పాత వార్తాపత్రికలో చుట్టిన పొడవాటి పొట్లం తీశాడు. దాని కొస కాగితంలోంచి జారి వేలాడింది. మూడు కుచ్చులు. ఇంకా అమ్మలేదన్నమాట.

పొట్లం లాల్చీ కిందికి పోయింది. తౌసిఫ్ కింది గదిలోకి వెళ్లాడు, నాసిర్ బల్ల ఉన్న గదిలోకి.

ఈసారి ఫోను మోగడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అదృష్టమండీ, జడ దొరికింది." కొంచెం ఆయాసంగా ఉంది గొంతు. "ఎక్కడో తెలుసా? నాసిర్ ప్యాకింగు బల్ల కింది సొరుగులో. ఎంత నమ్మాడో మామూ వాణ్ణి. సి.ఐ. గారికి చెప్పి, స్టాకులో ఒకటి ఎక్కించి, మీ ఆర్డరు క్లోజ్ చేసేస్తాను."

"సొరుగుకి సీలుండాలే."

"ఊడి ఉందండీ అప్పటికే."

"సి.ఐ. గారికి నేను చెబుతాను. ఆర్డరు నాది కదా, నేనే వచ్చి తీసుకుంటాను. నేను వచ్చేదాకా క్లోజ్ చేయకండి. చూసుకుని తీసుకోవాలి."

జవాబు కోసం ఆగకుండా ఫోను కట్టేసి రామకోటేశ్వరరావు నంబరు నొక్కాడు.

"మళ్లీ ఏమిటయ్యా?"

"నాసిర్ బల్ల సొరుగులో నిన్న మీకేం దొరికింది?"

"చెప్పాగా. టేపు చుట్టలు, కత్తెర. పంచనామాలో ఉంది. చదువుకో."

"ఇప్పుడు అందులో జడ ఉందట. తౌసిఫ్ చెబుతున్నాడు. మీరు నిన్న సరిగ్గా చూడలేదట. మీ సీలు కూడా దానంతటదే ఊడిపోయి ఉందట."

సరిగ్గా చూడలేదన్న మాట నాగులు చేర్చినది. ఎక్కడో దూరంగా, ఆ స్టేషను గదిలోనే, ఎవరో గొంతు బిగుసుకుపోయినట్టు దగ్గుతున్నారు.

"నా సీలు ఊడదు," అన్నాడు సి.ఐ. "లక్క నేనే కరిగించి పోశా. ఎవడు ముట్టుకున్నాడు?"

"స్కూటరు సీటు కిందనుంచి పొట్లం తీయడం నేను చూశాను. నా మాట మీరు నమ్మనక్కర్లేదు. సీలు చూసుకోండి."

"అక్కడే ఉండు. ఎవణ్ణీ బయటికి పోనివ్వకు."

"వచ్చేటప్పుడు నాసిర్‌ని తీసుకురండి. సొరుగు అతనిది, అతని ఎదుటే తెరవాలి. బల్ల మీది ఇన్‌హేలరు చేతికిచ్చి తీసుకురండి. లేకపోతే రెండు సంగతులూ రేపు జడ్జి గారి ముందు ఒకేసారి చెబుతాను."

సి.ఐ. బూతు మాట ఒకటి అన్నాడు. ఆ తర్వాత గొంతు ఫోనుకు దూరమై, "ఒరేయ్, వాడికి ఆ మందు ఇవ్వండి, జీపు తియ్యండి," అనడం వినపడింది.

ఒక మనిషి ఊపిరి ఆగిపోతున్నా కదలని జీపు, లక్క పెచ్చు ఊడిందనగానే కదిలింది. దీన్ని గెలుపనుకోవడానికి నాగులుకు మనసు రాలేదు. అయినా ఆ దగ్గు ఆగుతుంది. ప్రస్తుతానికి అంతకుమించి అడగడం అనవసరం.

కిటికీలోంచి చూశాడు. తౌసిఫ్ గుమ్మంలో నిలబడి చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉన్నాడు. ఎవరూ ఎత్తుతున్నట్టు లేదు. ఫోను జేబులో వేసుకుని, షట్టరు కొక్కెం అందుకుని కిందికి లాగడం మొదలుపెట్టాడు. లోపల నుంచి.

జీపు రావడానికి పావుగంట పడుతుంది. ఆర్డరు క్లోజ్ చేయడానికి ఒక్క నిమిషం చాలు. అది అయిపోతే పేజీ, పేజీతోపాటు హనుమాన్ జంక్షన్ ఆనవాలూ పోతాయి. ఇక్కడే ఉండమన్నాడు సి.ఐ. ఇక్కడే ఉంటే క్షేమం. వేరేవాళ్ల క్షేమం తన ఊపిరితో కొనడం నాసిర్ ఒక్కడి పనేనా అని నాగులు తనను అడిగాడు. ఈ ప్రశ్నకు సాక్ష్యం అక్కర్లేదు.

లేచాడు. మెట్లు రెండేసి చొప్పున దిగి, లారీ ఒకటి హారను కొడుతుంటే దాని ముందు నుంచే రోడ్డు దాటి, నడుమెత్తుకు దిగిన షట్టరు కింద వంగి లోపలికి వెళ్లాడు.

"నా జడ ఇవ్వండి తౌసిఫ్ గారూ," అన్నాడు. అని, కౌంటరు మీది కంప్యూటరుకూ తౌసిఫ్‌కూ మధ్య ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.